అనుదిన వాక్యపఠనం – మన కోయ ఇండ్లు: దుమ్ముగూడెం నుంచి కండ్లకోయ దాకా



ఈ ప్రత్యేక సంచికకు ఒక చరిత్ర వ్యాసం పంపమని అడిగినప్పుడు ఏం రాయాలా అని మేము చాలా రోజులు ఆలోచించాం. కుమ్రం భీము గురించి, సమ్మక్క సారలమ్మల గురించి, రంప పితూరీ గురించి రాయగల పెద్దలు మన సంఘంలో ఉన్నారు. వాళ్లు రాసినదాన్ని చదివి నేర్చుకునే వాళ్లం మేము. అందుకని మా ఇంట్లో మూడు తరాలుగా మేము చూసిన ఒక చిన్న అలవాటు చరిత్రను ఎంచుకున్నాం. క్రైస్తవులైన కోయ కుటుంబాల్లో రోజూ పొద్దునో మాపటో బైబిలులో ఒక భాగం చదువుకోవడం, ఆ చదివినదాన్ని ఆ రోజు పనిలో పెట్టడం, ఇదీ మా విషయం.

ఈ సంచిక చదివేవాళ్లలో ఇలవేల్పులను కొలిచేవాళ్లున్నారు, చర్చికి పోయేవాళ్లున్నారు. ఇద్దరూ మన వాళ్లే, ఒకే గోత్రం వాళ్లూ ఉన్నారు. కనుక ఇది బోధ కాదు. ఒక పుస్తకం మన ఇండ్లలోకి ఎట్లా వచ్చింది, వచ్చి ఏం మంచి చేసింది, ఎక్కడ మేము దాన్ని సరిగా వాడలేదు అన్నది ఉన్నదున్నట్టు చెప్పుకోవాలన్నదే మా ఉద్దేశం.

గోదావరి ఒడ్డున మొదలు

మా సొంత ఊరు దుమ్ముగూడెం మండలంలో ఉంది. ఆ దుమ్ముగూడెం పేరు చరిత్రలోకి ఎక్కింది గోదావరి పడవల దారి వల్ల. ధవళేశ్వరం ఆనకట్ట కట్టించిన సర్ ఆర్థర్ కాటన్, గోదావరి మీద లోపలి దేశం దాకా పడవలు నడపాలని తలపెట్టాడు. ఎగువన ఆ పనులు చూసిన ఇంజనీరు ఎఫ్.టి. హేగ్. దుమ్ముగూడెం దగ్గర ఆనకట్ట, పడవలు దాటే లాకులు ఆ పనుల్లో భాగమే. ఖర్చు పెరిగి, అనుకున్న లాభం రాక 1871లో ప్రభుత్వం ఆ పథకాన్ని ఆపేసింది. పడవల దారి పూర్తి కాలేదు గానీ, ఆ పనుల చుట్టూ మొదలైన మరొక పని మాత్రం నిలబడింది.

హేగ్ దైవభక్తి గల మనిషి. చుట్టూ ఉన్న కోయ గూడేలను చూసి ఇక్కడ సువార్త పని జరగాలని కోరుకున్నాడు. అదే పనుల్లో సరుకుల సరఫరా శాఖలో ఉద్యోగం చేస్తున్న వెంకటరామరాజు అనే తెలుగు ఆయన హేగ్ సహవాసంలో క్రైస్తవుడయ్యాడు. తరవాత ఉద్యోగం వదులుకుని కోయల మధ్యనే పని చేశాడు. 1860ల మొదట్లో దుమ్ముగూడెం కోయ మిషను ఇట్లా మొదలైంది. మన గూడేలకు బైబిలు మొట్టమొదట తెచ్చింది దొరలే అని అందరూ అంటుంటారు. కానీ గూడెంలో కూర్చుని చదివి వినిపించింది ఒక తెలుగు గుమాస్తా అని గుర్తుంచుకోవాలి. అంటే ఆ మాట మన దగ్గరికి మొదట తెలుగులో వచ్చింది.

1870ల నుంచి చర్చి మిషనరీ సొసైటీ తరఫున జాన్ కెయిన్ దుమ్ముగూడెంలో పని చేశాడు. కోయల ఆచారాలు, పెండ్లిళ్లు, చావులు, కొలుపుల గురించి ఆయన 1876లో ఇండియన్ యాంటిక్వరీ పత్రికలో రాశాడు. తరవాత థర్‌స్టన్ 1909లో వెలువరించిన కులాలు, తెగల గ్రంథంలో కోయల గురించిన భాగానికి కెయిన్ రాతలే పెద్ద ఆధారం. మన పాత ఆచారాలను గురించి తెలుసుకోవడానికి ఇప్పుడు మన పరిశోధక విద్యార్థులు వెతుక్కుంటున్న కాగితాల్లో అవీ ఉన్నాయి.

తెలుగులో పుస్తకం, కోయలో మాట

తెలుగు బైబిలు చరిత్ర అప్పటికే అరవై ఏళ్లది. 1805లో లండన్ మిషనరీలు క్రాన్, డెగ్రాంజ్ విశాఖపట్నం వచ్చి తెలుగు నేర్చుకుని అనువాదం మొదలుపెట్టారు. ఆనందరాయరు అనే బ్రాహ్మణ క్రైస్తవుడు వాళ్లకు సాయపడ్డాడు. 1812లో సీరాంపూరులో మత్తయి, మార్కు, లూకా సువార్తలు తెలుగులో అచ్చయ్యాయి. 1818లో ప్రిచెట్ అనువదించిన కొత్త నిబంధన మద్రాసులో వచ్చింది. ఆ తెలుగు పండితుల సాయంతో తయారైన తెలుగు. తెలుగు రైతుకే సగం అర్థమయ్యే ఆ భాష, ఇంట్లో కోయ మాట్లాడే మనిషికి ఎంత అర్థమై ఉంటుందో మనం ఊహించుకోవచ్చు.

కోయ ద్రావిడ భాష, గోండికి దగ్గరిది. 2011 జనాభా లెక్కల్లో నాలుగు లక్షలకు పైగా జనం దాన్ని తమ మాతృభాషగా చెప్పారు. దానికి పాతకాలం నుంచి వాడుకలో ఉన్న లిపి లేదు. ఈ ఇబ్బంది దుమ్ముగూడెం మిషను వాళ్లకూ తెలిసింది. 19వ శతాబ్దం చివరి దశాబ్దాల్లో లూకా సువార్తను కోయ భాషలోకి మార్చి తెలుగు అక్షరాల్లో అచ్చు వేయించారు. మన భాష పుస్తకంగా అచ్చయిన తొలి సందర్భాల్లో ఇదొకటి. అందుకని అది క్రైస్తవులకే కాదు, కోయ భాషను ప్రేమించే ప్రతి ఒక్కరికీ సంబంధించిన విషయం.

ఇంకొక సంగతి కూడా చెప్పాలి. గ్రియర్సన్ నడిపించిన భారత భాషల సర్వేలో ఒక్కో భాషకు నమూనాగా ఒకే కథను ఎంచుకున్నారు. అది లూకా సువార్త 15వ అధ్యాయంలోని తప్పిపోయిన కుమారుని కథ. ఆస్తి పంచుకుని దూరదేశం పోయి, అంతా పోగొట్టుకుని, తిరిగి ఇంటికి వచ్చిన కొడుకు కథ. దేశంలో వందల భాషలవాళ్లు ఆ కథను తమ మాటల్లో చెప్పారు. గోండి కుటుంబపు మాటలున్న సంపుటం 1906లో వచ్చింది.

కానీ ఆ కోయ లూకా సువార్త మన గూడేల్లో నిలబడలేదు. బడిలో తెలుగే, చర్చిలో తెలుగే, కచేరీలో తెలుగే. చదవడం నేర్చిన పిల్లవాడు తెలుగు బైబిలు చదివేవాడు. దాన్ని ఇంట్లోవాళ్లకు కోయలో చెప్పే పని మాత్రం ఎవరో ఒకరి మీద పడేది. మా ఇంట్లో ఆ పని మా నాయనమ్మది. ఆమెకు అక్షరం రాదు. మాపటేళ కుంపటి దగ్గర మా నాయన ఒక పేరా చదివేవాడు. నాయనమ్మ రెండుసార్లు చదివించుకుని, కండ్లు మూసుకుని, తన మాటల్లో కోయలో చెప్పేది. చెప్పాక ఒకటే అడిగేది: "రేపు మన ఇంట్ల ఇది ఎక్కడ చేస్తం?" ఎవరో ఒకరు జవాబు చెప్పేదాకా అన్నం గిన్నె దించేది కాదు.

ఇది మా ఇంటి సంగతి. ఇటువంటి నాయనమ్మలు ఇంకా ఎన్నో ఇండ్లలో ఉన్నారని మా నమ్మకం. వాక్యాన్ని మన బతుకులోకి తెచ్చింది వాళ్లే.

రోజుకొక భాగం అనే అలవాటు

రోజుకొక భాగం అని పంచుకుని చదవడం ఎక్కడి అలవాటు అని మా హాస్టలు పిల్ల ఒకసారి అడిగింది. జర్మనీలోని హెర్న్‌హూట్ అనే చిన్న ఊళ్లో మొరావియన్ క్రైస్తవులు ప్రతి రోజుకూ ఒక వాక్యం ఎంచి ఇంటింటికీ చెప్పేవాళ్లు. 1731లో దాన్ని పుస్తకంగా అచ్చు వేశారు. అది ఈనాటికీ ఏటా వస్తూనే ఉంది. ఇంగ్లండులో 1867లో పిల్లల కోసం మొదలైన ఒక పరిచర్య, 1879లో రోజువారీ చదువు భాగాల కార్డులను తెచ్చింది. అదే ఇప్పటి స్క్రిప్చర్ యూనియన్. ఒకే రోజున వేరు వేరు ఊళ్లలోని పిల్లలు ఒకే భాగం చదవాలన్నది ఆ కార్డు ఉద్దేశం. తరవాత తెలుగు ఇండ్లలోకి ఎడారిలో సెలయేర్లు వంటి అనుదిన ధ్యాన పుస్తకాలు వచ్చాయి. దాని ఇంగ్లీషు మూలం 1925 నాటిది. చర్చి పంచాంగంలో ఆ రోజు చదవవలసిన భాగాలు ఉంటాయి. గోడ క్యాలెండరు మీద వాక్యం ఉంటుంది. ఇప్పుడు తెల్లవారితే వాట్సాప్‌లో గులాబీ పువ్వు బొమ్మతో వాక్యం వస్తున్నది.

అయితే చదువు రాని జనం ఉన్న చోట ఈ కార్డులు, పుస్తకాలు ఏం పనికొస్తాయి? దీనికి జవాబు వెతికిన వాళ్లలో దోర్నకల్ బిషప్ వి.ఎస్. అజరయ్య ముఖ్యుడు. తిరునల్వేలి ప్రాంతపు తమిళుడు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో బిషప్‌గా అభిషేకం పొందాడు. ఆంగ్లికన్ సంఘంలో భారతీయుడు బిషప్ కావడం అదే మొదలు. ఆయన పరిచర్యలోని జనంలో ఎక్కువమంది పేద పల్లె జనం, చదువు లేనివాళ్లు. పల్లె ఉపాధ్యాయుడు మాపటేళ జనాన్ని కూర్చోబెట్టి ప్రార్థన, వాక్యం చెప్పడం, కథలు, పాటల ద్వారా కంఠస్థం చేయించడం అక్కడ నడిచిన పద్ధతి. పుస్తకం ఒక్కరి చేతిలో ఉన్నా, మాట అందరి నోట్లో ఉండేది.

ఆ కాలపు ఇంకొక అలవాటు పిడికెడు బియ్యం. ఆడవాళ్లు వంటకు బియ్యం కొలిచేటప్పుడు దేవుని పని కోసం ఒక పిడికెడు తీసి వేరే కుండలో వేసేవాళ్లు. విన్న వాక్యం ఇట్లా ఇంటి కుండ దాకా వచ్చింది. చదువు రాని తల్లి కూడా దాన్ని రోజూ ఆచరించగలిగింది. కొత్త పంట చేతికొచ్చినప్పుడు కోత పండుగ జరిపి, ధాన్యం, కూరగాయలు, కోళ్లు తెచ్చి అర్పించడమూ అటువంటిదే. మన కొత్తల పండుగ చూసి పెరిగిన కోయ మనిషికి ఇందులో కొత్తగా అనిపించేది ఏమీ లేదు. పంట మొదటి పిడికిలి మనది కాదన్న బుద్ధి మన పెద్దలకు ముందునుంచీ ఉంది.

కాంటా దగ్గర వాక్యం

మన జనానికి అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసింది రెండు వస్తువులు: షావుకారి కాంటా, షావుకారి కాగితం. దీన్ని మేము కోపంతో చెప్పడం లేదు. చరిత్ర పుస్తకాల్లోనే ఉంది. 1879 నాటి రంప తిరుగుబాటుకు కల్లు మీద పన్ను, మన్సబుదారు వేధింపులతో పాటు వర్తకుల అప్పుల దావాలూ కారణమయ్యాయి. కొండ జనానికి తెలియకుండానే కోర్టులో ఏకపక్షంగా డిక్రీలు తెచ్చుకుని పశువులను, ధాన్యాన్ని జప్తు చేసేవాళ్లు. భద్రాచలం, రేకపల్లి తాలూకాలను 1874లో సెంట్రల్ ప్రావిన్సెస్ నుంచి మద్రాసు రాజధానిలో కలిపాక పోడు పన్ను దాదాపు మూడింతలైంది. రేకపల్లి వైపు తిరుగుబాటు పాకడానికి అదొక కారణం.

తరవాత ప్రభుత్వం మేల్కొన్నది. 1917 నాటి ఏజెన్సీ చట్టం వడ్డీ నూటికి ఏడాదికి 24 దాటకూడదని, వడ్డీ మీద వడ్డీ వేయకూడదని చెప్పింది. ఏజెంటు అనుమతి లేకుండా గిరిజనుల భూమి గిరిజనేతరుల చేతికి పోకూడదంది. 1956లో గిరిజన సహకార సంస్థ వచ్చింది. 1959 నాటి భూబదలాయింపు నిబంధనను 1970లో సవరించారు. దాన్నే మనమందరం 1/70 అంటున్నాం. చట్టాలు వచ్చాయి గానీ, కాగితం చదవగలిగినవాడు, కాంటా ముల్లు చూడగలిగినవాడు గూడెంలో ఉంటేనే ఆ చట్టం పనిచేస్తుంది.

రోజువారీ వాక్యపఠనం చేసిన ఒక మేలు ఇక్కడే ఉంది. బడి మానేసిన తరవాత కూడా అక్షరాన్ని మరిచిపోకుండా కాపాడింది అదే. మా నాయన ఐదో తరగతి దాకానే చదివాడు. కానీ రోజూ ఒక పేరా చదివే అలవాటు వల్ల ముప్పై ఏళ్ల తరవాత కూడా పట్టా కాగితం, బ్యాంకు నోటీసు, సొసైటీ రసీదు చదవగలిగేవాడు. క్రైస్తవులు కానివాళ్లు కూడా కాగితం పట్టుకుని మా ఇంటికి వచ్చేవాళ్లు.

రెండో మేలు ఇంకా లోతైనది. బైబిలులో తూకం మాట చాలాచోట్ల ఉంది. సామెతల గ్రంథంలో, ద్వితీయోపదేశకాండంలో, ఆమోసు, మీకా ప్రవక్తల మాటల్లో దొంగ తూకపు రాళ్లను దేవుడు అసహ్యించుకుంటాడని ఉంది. లూకా సువార్తలో జక్కయ్య ఉన్నాడు. పన్నులు వసూలు చేసి ధనవంతుడైన మనిషి, తాను అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు తిరిగి ఇస్తానంటాడు. ఈ భాగాలు వచ్చిన రోజున కోయ ఇండ్లలో ఏం మాట్లాడుకుంటారో చెప్పనక్కర లేదు. "ఇది షావుకారికి చెప్పాల్సిన మాట" అని మేమందరం అనేవాళ్లం.

ఒకసారి మా నాయనమ్మ ఆ మాట ఒప్పుకోలేదు. అది తునికాకు కాలం. యాభై ఆకులకు ఒక కట్ట. తొందరలో అందరం నడుమ చినిగినవి, లేతవి పెట్టి కట్టేవాళ్లం. పైనా కిందా మంచి ఆకు ఉంటే చాలు. కల్లేదారు మమ్మల్ని మోసం చేస్తున్నాడు కాబట్టి మేము చేసేది తప్పు కాదని మా లెక్క. ఆ మాపు చదివింది తూకం గురించి. నాయనమ్మ ఎప్పటిలాగే అడిగింది. ఎవరం మాట్లాడలేదు. ఆమే లేచి పొద్దున కట్టిన కట్టలు విప్పి చినిగిన ఆకు తీసి పక్కన వేసింది. వందకు పైగా కట్టలు. మర్నాడు కల్లంలో కల్లేదారు ఎప్పటిలాగే కొన్ని కట్టలు కొట్టేశాడు. మంచి ఆకు కట్టినందుకు మాకు ఒక్క రూపాయి ఎక్కువ రాలేదు. కానీ ఆ రోజు నాయనమ్మ కల్లేదారుతో గట్టిగా మాట్లాడింది. "మా కట్ట విప్పి చూడు, ఒక్క ఆకు చినిగింది చూపించు" అన్నది. అంతకుముందు ఏడు ఆ మాట అనే ధైర్యం మాలో ఎవరికీ లేదు. ఎందుకు లేదో మాకు అప్పుడు తెలిసింది.

మేము తప్పిన చోటు

మంచి మాత్రమే చెబితే అది చరిత్ర కాదు. రోజూ వాక్యం చదివిన మేమే కొన్ని పనులు తప్పు చేశాం.

మొదటిది, డోలు. క్రైస్తవులైన కొన్ని ఇండ్లలో డోలును, కొమ్ము ఆటను, రేల పాటను మొత్తంగా పాతబతుకు కింద కట్టి అటక మీద పడేశారు. కొలుపులో పాల్గొనకపోవడం ఒకరి విశ్వాసానికి సంబంధించిన నిర్ణయం. కానీ పెండ్లిలో పాడే పాట, నాటు వేసేటప్పుడు పాడే పాట ఏం తప్పు చేశాయి? దోర్నకల్‌లో అజరయ్య కట్టించిన ఎపిఫనీ గుడి 1939లో ప్రతిష్ఠ అయింది. అందులో ఈ దేశపు గుళ్ల పనితనం, మసీదుల పనితనం కలిసి ఉన్నాయి. పరాయి రూపం వేసుకుంటేనే క్రైస్తవులమన్న ఆలోచన ఆయనకు లేదు. మాకెందుకు వచ్చింది?

రెండోది, చావు దగ్గర. మా ఊళ్లో మా అమ్మకు వరసకు అన్న చనిపోయినప్పుడు, ఆ ఇంటి కర్మలు మన పద్ధతి కాదు, పోవద్దని కొందరు పెద్దలు అన్నారు. మా అమ్మ రాత్రంతా బైబిలు ముందు పెట్టుకుని కూర్చుంది. రోమీయులకు రాసిన పత్రికలో, తిండి గురించి, దినాల గురించి వాదించుకుని సహోదరుణ్ణి పోగొట్టుకోవద్దని పౌలు చెప్పే అధ్యాయం ఉంది. పొద్దున్నే అమ్మ బిందె తీసుకుని ఆ ఇంటికి నీళ్లు మోయడానికి పోయింది. మూడు రోజులు మోసింది. బలి దగ్గర కూర్చోలేదు, ఏడ్చేవాళ్ల దగ్గర కూర్చుంది. చర్చిలో కొందరు ఆమెతో కొన్ని వారాలు సరిగా మాట్లాడలేదు. మేనమామ పిల్లలు మాత్రం ఈ రోజుకీ మా ఇంటికి వస్తున్నారు. అప్పుడు పోని ఇండ్లకూ వాళ్ల చుట్టాలకూ మధ్య రాకపోకలు ఇప్పటికీ లేవు.

మూడోది, వాగ్దానాల మోజు. కొత్త సంవత్సరం రాత్రి వాగ్దాన కార్డు తీసుకుంటాం. అందులో ఆశీర్వాదం ఉంటుంది, అభివృద్ధి ఉంటుంది. అప్పు తీర్చమని, కూలి సాయంత్రానికే ఇవ్వమని, పొరుగువాడి గట్టు జరపవద్దని చెప్పే వాక్యాలు ఆ కార్డుల్లో ఎందుకు రావో ఎవరం అడగం. మొత్తం పుస్తకాన్ని వరసగా చదివే అలవాటు ఉన్న ఇంట్లో ఈ తప్పించుకోవడం కుదరదు. మనకు నచ్చని భాగం కూడా ఏదో ఒక రోజు వచ్చి తీరుతుంది. రోజుకొక భాగం పద్ధతిలో అసలు మేలు ఇదేనని మాకనిపిస్తుంది.

కండ్లకోయలో

ఇప్పుడు మేము కండ్లకోయలో ఒక గిరిజన బాలికల హాస్టలు చూసుకుంటున్నాం. నాగపూరు రహదారి ఔటర్ రింగు రోడ్డును దాటే చోటు. రాత్రింబవళ్లు లారీల మోత. ఊరి పేరులోనే కోయ ఉంది కదా మేడం, ఇది మన ఊరే అని మా పిల్లలు నవ్వుతుంటారు. భద్రాచలం వైపు కోయలు, మహబూబాబాద్ తండాల లంబాడాలు, ఆదిలాబాద్ గోండులు, ఎరుకల పిల్లలు అందరూ ఉన్నారు. ఒకరికి సమ్మక్క, ఒకరికి సేవాలాల్, ఒకరికి నాగోబా, ఒకరికి యేసు.

ఇదే రహదారి మీద ఉత్తరంగా పోయి రామాయంపేట దగ్గర మళ్లితే మెదక్ వస్తుంది. అక్కడ పోస్నెట్ దొర కరువు రోజుల్లో జనానికి పని, తిండి కల్పిస్తూ కట్టించిన పెద్ద చర్చి 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ అయింది. వాక్యం ఆకలి దగ్గరికి వస్తే ఎట్లా ఉంటుందో దాన్ని చూపించి చెప్పవచ్చు. కానీ మా హాస్టలులో మేము పిల్లలకు బైబిలు చదివించం. పూర్తిగా ప్రభుత్వ సొమ్ముతో నడిచే విద్యాసంస్థలో మతబోధ ఉండకూడదని రాజ్యాంగం 28వ అధికరణం చెబుతుంది. తల్లిదండ్రులు మమ్మల్ని నమ్మి పిల్లల్ని అప్పజెప్పారు. ఆ నమ్మకాన్ని కాపాడడం కూడా మా విశ్వాసంలో భాగమే. మా చదువు మా గదిలో, నాలుగున్నరకు, బెల్లు కొట్టకముందు.

మరి ఆ చదువు పిల్లలకు ఏం చేస్తుంది? ఒక్క సంగతి చెప్పి ముగిస్తాం. సరుకులు వచ్చినప్పుడు బస్తా మీద రాసిన బరువు చూసి స్టాక్ రిజిస్టరులో సంతకం పెట్టడం చాలా రోజులు మా అలవాటు. కాంటా స్టోర్ రూములో మూలన ఉండేది. ఒక పొద్దున వరస చదువులో మళ్లీ సామెతల గ్రంథం, మళ్లీ తూకం మాట వచ్చింది. నాయనమ్మ అడిగే మాట గుర్తొచ్చింది. ఆ రోజే పప్పు వచ్చింది. కాంటా తుడిచి, బస్తాలు ఒక్కొక్కటి ఎక్కించాం. ప్రతి బస్తాలో కొంత తక్కువ. ఇన్నాళ్లూ పిల్లల పళ్లెంలో పప్పు నీళ్లగా ఉందంటే వంటమనిషిని కోప్పడ్డాం. సంతకం మాది.

ఉన్న బరువే రాశాం. సరుకు తెచ్చినవాళ్లకు నచ్చలేదు. తరవాతి సరుకు ఆలస్యం చేశారు. రెండు రోజులు బయట కిరాణా కొట్టులో మా డబ్బుతో కొన్నాం. ఇది గొప్ప కోసం చెప్పడం లేదు. కాంటా వేయకుండా సంతకం పెట్టిన రోజులకు అది చాలా తక్కువ జరిమానా.

అప్పటి నుంచి కాంటా దగ్గర ఇద్దరు పెద్ద తరగతి పిల్లలు వంతులవారీగా నిలబడి బరువు చదువుతారు, రాస్తారు. అందులో ఒక అమ్మాయి సెలవులకు ఇంటికి పోయి వచ్చి చెప్పింది: "మేడం, మా నాయన పత్తి అమ్మేటప్పుడు నేను కాంటా చూసిన. తరుగు ఎంత తీస్తున్నవని అడిగిన." ఆ తరవాత ఏమైందని అడిగాం. "తియ్యడం మానలే మేడం. కానీ ఎంత తీసిండో చిట్టీ మీద రాయించిన" అంది. ఆ పిల్ల క్రైస్తవురాలు కాదు. ఆమెకు మేము ఏ వాక్యమూ చెప్పలేదు.

ఇప్పుడు చేయవలసినవి

మన సంఘానికి, మన కుటుంబాలకు మా మనవి మూడు మాటలు.

ఒకటి, వాక్యం తెలుగులో చదివినా, దాన్ని ఇంట్లో కోయలో చెప్పుకోవాలి. మా నాయనమ్మ పోయాక మా ఇంట్లో ఆ పని ఆగిపోయింది. చదువుకున్న మేమే దాన్ని ఆపేశాం. తప్పిపోయిన కుమారుని కథను మా మేనకోడలికి కోయలో చెప్పబోయి, నడుమ మూడు మాటలకు తెలుగు వాడాం. ఆ మూడు మాటలు నాయనమ్మకు తెలుసు. 1943లో ఆదిలాబాద్ మార్లవాయిలో హైమెన్‌డార్ఫ్ గోండు పిల్లలకు గోండిలోనే చదువు మొదలుపెట్టించాడు. ఇంటి భాషలో నేర్చిన మాటే నిలుస్తుందని ఆయన గుర్తించాడు. క్రైస్తవులు వాక్యాన్ని, క్రైస్తవులు కానివాళ్లు తమ ఇలవేల్పుల కథలను కోయలో చెప్పుకుంటే భాష మిగులుతుంది. ఇంట్లో ముసలివాళ్లుంటే వాళ్ల గొంతు ఫోనులో రికార్డు చేసి పెట్టుకోండి.

రెండు, పాత కోయ లూకా సువార్త ప్రతులు ఏ ఇంటి పెట్టెలోనైనా, ఏ చర్చి బీరువాలోనైనా ఉంటే పారేయకండి. మన సంఘానికి తెలియజేయండి. ఫొటో తీసి భద్రం చేద్దాం. అది మన భాష ఆస్తి.

మూడు, చదివేవాళ్లు చదివి ఊరుకోవద్దు. యాకోబు తన పత్రికలో, వాక్యం విని చేయనివాణ్ణి అద్దంలో ముఖం చూసుకుని పక్కకు పోగానే మరిచిపోయేవాడితో పోల్చాడు. ఆ రోజు భాగం చదివాక ఇంట్లో ఒక్క ప్రశ్న వేసుకోండి. నాయనమ్మ వేసిన ప్రశ్నే. జవాబు చిన్నదైనా సరే, ఆ రోజులోనే చేయగలిగింది కావాలి. ఒక కట్ట విప్పడం, ఒక బిందె మోయడం, ఒక బస్తా కాంటా మీద పెట్టడం.

ఈ వ్యాసం ముగించే వేళకు బయట బెల్లు కొట్టే సమయమైంది. ఈ రోజు కూరగాయలు వస్తాయి. కాంటా తుడవాలి.